మొదటి మెటల్ పెడల్ సొంతంగా కట్టుకోవాలంటే ఏ సర్క్యూట్ ఎంచుకోవాలి?

గుంటూరు తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బీటెక్ రెండో ఏడు, ఈసీఈ. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. స్ట్రాట్ తరహా గిటారు, 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ ఉన్నాయి. మెటల్ (హెవీ మెటల్ సంగీతం) వాయించాలని కోరిక. పెడల్ (గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టి సౌండ్ మార్చే డబ్బా) కొనకుండా తనే కట్టుకోవాలని అంతకన్నా పెద్ద కోరిక. చేతిలో రెండు వేలున్నాయి. బాస్ (Boss) కంపెనీ పెడల్స్‌లో హెచ్ఎం-2 కట్టాలా, మెటల్ జోన్ కట్టాలా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, రెండూ వద్దు. ర్యాట్ కట్టు.

ర్యాట్ అంటే 1970ల చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊళ్లో ప్రోకో అనే కంపెనీ తీసిన డిస్టార్షన్ పెడల్, అంటే గిటార్ సౌండ్‌ని గరగరలాడించేది. లోపల ఒక ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ), రెండు క్లిప్పింగ్ డయోడ్లు (సిగ్నల్ తల నరికేవి), ఒక ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్), మూడు కంట్రోళ్లు. రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ కలిపి లెక్కేస్తే ముప్పై రెండో ముప్పై మూడో భాగాలు. మెటల్‌కి సరిపోయేంత గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందనేది) ఉందా అంటే, ఉంది, ఇంకా మిగులుతుంది.

నేను బెజవాడలో ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తా. పెడల్స్ కట్టడం పక్క పిచ్చి, పద్దెనిమిదేళ్ల నించీ ఉంది. ఇన్నేళ్లలో నాకు తెలిసింది ఒకటే: మొదటిసారి కట్టిన పెడల్ మొదటిసారే మోగదు. నాకు మోగలేదు, నా బల్ల దగ్గరికి తెచ్చిన కుర్రాళ్లలో ఒక్కడికీ మోగలేదు. అందుకని మోగనప్పుడు సిగ్నల్ ఎక్కడ ఆగిపోయిందో నీ అంతట నువ్వు వెతికి పట్టుకోగల సర్క్యూట్‌తోనే మొదలుపెట్టాలి. ర్యాట్‌లో సిగ్నల్ నడిచే దారి తిన్నగా ఉంటుంది: జాక్, ఐసీ, డయోడ్లు, ఫిల్టర్, ఎఫ్ఈటీ, వాల్యూమ్, జాక్. కాగితం మీద వేలు పెట్టి చివరిదాకా పోవచ్చు.

నువ్వు చెప్పిన రెండింటి సంగతి కూడా చెప్పేస్తా. హెచ్ఎం-2 1983లో వచ్చింది, 1991లో ఆపేశారు. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియో నుంచి ఎన్‌టూమ్డ్, డిస్మెంబర్ లాంటి బ్యాండ్లు తెచ్చిన రంపం కోత సౌండ్ దీనిదే, అన్ని కంట్రోళ్లూ చివరికంటా తిప్పి పెట్టి. ఆ సౌండంతా గెయిన్ వల్ల రాలేదు. లోపల జైరేటర్ సర్క్యూట్లు బేస్‌ని (కింది స్వరాలని) ఒక చోట, వెయ్యి హెర్ట్జ్ దగ్గర మిడ్‌ని (మధ్య స్వరాలని) ఇంకో చోట మూటగట్టి పైకెత్తుతాయి. అందులో ఒక్క కెపాసిటర్ విలువ తప్పినా పెడల్ మోగుతూనే ఉంటుంది, కానీ ఆ సౌండ్ రాదు. మోగని పెడల్ కంటే తప్పుగా మోగే పెడల్‌లో లోపం వెతకడం పదింతలు కష్టం. నీ మనసంతా ఆ స్వీడిష్ సౌండ్ మీదే ఉంటే, 2021లో బాస్ కంపెనీయే దాన్ని వాజా పేరుతో మళ్లీ తెచ్చింది. డబ్బులున్నప్పుడు కొనుక్కో, లేదా మూడో పెడల్‌గా కట్టు.

మెటల్ జోన్ నా సొంత గాయం. 1991లో వచ్చిన పెడల్ అది. మిడ్ కంట్రోల్ 200 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. ఆ సదుపాయం చూసి మనసు పారేసుకున్నా. నా మొట్టమొదటి పెడల్ అదే కట్టబోయా, అదీ జనరల్ పర్పస్ బోర్డు (వరస రంధ్రాల ఖాళీ బోర్డు) మీద. మూడు వారాలు కూర్చున్నా. మే నెల, మేడ మీద గది. ఫ్యాన్ వేస్తే సోల్డరింగ్ ఐరన్ చల్లబడుతుంది, ఆపితే చెమట బోర్డు మీద పడుతుంది. అంతా అయ్యాక స్విచ్ వేస్తే ఒక సన్నటి కూత, అంతే. గిటార్ తీగ మీటితే ఆ కూత కాస్త వణికేది. ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో కూడా తెలియలేదు. ఆ బోర్డు ఇప్పటికీ మా అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఉంది. దాంట్లోంచి ఐసీలు మాత్రం పీక్కున్నా.

ఇంకో భ్రమ కూడా తీసెయ్యాలి. మెటల్ అంటే గెయిన్ ఎంత ఎక్కువుంటే అంత అనుకుంటారు. బ్లాక్ సబ్బాత్‌లో టోనీ అయోమీ గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టింది రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్. దాంట్లో ఉన్నది ఒకే ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్! అది బేస్ తగ్గించి పై స్వరాలను ఆంప్‌లోకి గట్టిగా తోసేది, మిగతా పని ఆంప్, వేళ్లు చూసుకునేవి. బేస్‌ని డిస్టార్షన్‌కి ముందే కోస్తే తీగ మీద అరచెయ్యి ఆనించి కొట్టే దెబ్బ టక్కుమని తెగుతుంది. బేస్ మొత్తం లోపలికి పంపితే ఉప్మాలో నీళ్లెక్కువైనట్టు జావగారిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని మెటల్ వాళ్లు ఆంప్ ముందు పెట్టుకునేదీ ఇందుకే: అందులో 4.7 కే (కిలో ఓమ్) రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ని తగ్గిస్తాయి. ఈ సూత్రం గుర్తుపెట్టుకో, ర్యాట్‌లో మనం చేయబోయే చిన్న మార్పు దీని మీదే ఆధారపడి ఉంది.

ఇక ర్యాట్ లోపల ఏం జరుగుతుందో. ఆప్-ఆంప్ గెయిన్‌ని నిర్ణయించేది డిస్టార్షన్ కంట్రోల్ (100 కే), దాని ఎదురుగా గ్రౌండ్‌కి పోయే రెండు దారులు. ఒక దారిలో 560 ఓమ్, 4.7 మైక్రోఫారడ్, ఇంకో దారిలో 47 ఓమ్, 2.2 మైక్రోఫారడ్. మొదటి దారి 60 హెర్ట్జ్ నుంచే పనిచేస్తుంది, రెండోది 1,500 హెర్ట్జ్ పైన అందుకుంటుంది. రెండూ కలిసినప్పుడు లెక్క ప్రకారం గెయిన్ రెండు వేల రెట్లు దాటుతుంది, అంటే 67 డెసిబెల్స్. లెక్క ప్రకారం అని ఎందుకన్నానంటే, ఇందులో వాడే ఐసీ ఆ వేగంలో అంత గెయిన్ ఇవ్వలేదు. ర్యాట్ అందం అక్కడే ఉంది.

పాత ర్యాట్‌లో వాడింది ఎల్ఎం308 అనే మందగొడి ఐసీ. దాని స్లూ రేటు (వోల్టేజీ ఎక్కగల వేగం) మైక్రోసెకనుకు 0.3 వోల్టు. 6 వోల్టులు ఎక్కడానికి దానికి 20 మైక్రోసెకన్లు పడుతుంది. టీఎల్071 అనే చురుకైన ఐసీ అయితే అదే పని అర మైక్రోసెకనులో ముగిస్తుంది. గిటార్ సిగ్నల్ నిటారుగా లేవబోతే 308 అందుకోలేక ఏటవాలుగా ఎక్కుతుంది. దాంతో పై స్వరాల్లో గీర తగ్గి, ఇసుక కాగితంతో రుద్దినట్టు ఒక గరుకు వస్తుంది. ఆ తర్వాత రెండు డయోడ్లు 0.6 వోల్టు దగ్గర తల నరికేస్తాయి.

308 ఇప్పుడు తయారు కావట్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిని నమ్మకు. నేను ఒకసారి పది తెప్పిస్తే, పైన అచ్చు గోటితో గీకితే ఊడిపోయింది, కింద వేరే నంబరు కనిపించింది. ఓపీ07 కొనుక్కో. దాని స్లూ రేటూ 0.3 వోల్టే. ప్రోకో వాళ్లు కూడా తర్వాతి ర్యాట్‌లలో దీన్నే వాడారు. సర్క్యూట్ బొమ్మలో 308కి 1, 8 కాళ్ల మధ్య 30 పికోఫారడ్ కెపాసిటర్ కనిపిస్తుంది. ఓపీ07కి అది అక్కర్లేదు, ఆ చోటు ఖాళీగా వదిలెయ్. ఐసీని తిన్నగా బోర్డుకి అతికించకుండా ఎనిమిది కాళ్ల ఐసీ సాకెట్ పెట్టు. ముందు 741 అనే చవక ఐసీ గుచ్చి సౌండ్ వస్తుందో లేదో చూసుకో. ఆ ఐసీ కాలినా నీకు పోయేది ఒక టీ ఖర్చు. అంతా బాగుందనుకున్నాక ఓపీ07 పెట్టు. 741తోనే ఉండిపోయిన వాళ్లూ నాకు తెలుసు, కాస్త బుసబుస ఎక్కువ ఉంటుంది, అంతే.

సామాన్ల సంగతి. గుంటూరులో రేడియో, టీవీ విడిభాగాలమ్మే షాపుల్లో సగం దొరుకుతాయి. దొరక్కపోతే బస్సెక్కి బెజవాడ గవర్నర్‌పేట వైపు రా. అక్కడా లేనిది హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఉంటుంది. ఒకటి గుర్తుంచుకో, షాపులో "సిక్స్ పాయింట్ త్రీ ఫైవ్ ఎంఎం జాక్" అంటే ఆ అబ్బాయి నీ మొహం చూస్తాడు. "పీ-38 సాకెట్" అను, వెంటనే డబ్బా తీస్తాడు. ఇన్‌పుట్‌కి స్టీరియో సాకెట్, అవుట్‌పుట్‌కి మోనో. స్టీరియోది ఎందుకంటే, బ్యాటరీ నెగెటివ్ తీగని దాని మధ్య పలకకి కలిపితే కేబుల్ గుచ్చినప్పుడే పెడల్ ఆన్ అవుతుంది, పీకితే బ్యాటరీ ఆగుతుంది.

సర్క్యూట్ బొమ్మలో డయోడ్లు 1ఎన్914 అని రాసి ఉంటుంది, 1ఎన్4148 తీసుకో, ఆ పనికి తేడా లేదు. ఎఫ్ఈటీ దగ్గర అందరూ ఆగిపోతారు. బొమ్మలో ఉండే 2ఎన్5458 ఇక్కడ దొరకదు, దొరికినా అసలుదో కాదో తెలియదు. మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో క్యారెక్టరిస్టిక్స్ గీయించే బీఎఫ్‌డబ్ల్యూ10 ఉంది చూడు, రేకు టోపీ, నాలుగు కాళ్లు, అది పెట్టెయ్. ఇక్కడ ఎఫ్ఈటీ చేసేది సిగ్నల్‌ని బలంగా బయటికి పంపడం మాత్రమే, గెయిన్ ఇవ్వడం కాదు, కాబట్టి నడుస్తుంది. కాళ్ల వరుస మాత్రం డేటాషీట్ చూసి పెట్టు. నాలుగో కాలు టోపీకి కలిసి ఉంటుంది, దాన్ని గ్రౌండ్ చెయ్.

కంట్రోళ్లు మూడూ 100 కే లాగ్, ఒకే రకం, కొనడం సుఖం. కానీ షాపులో ఇచ్చేవి తరచూ లీనియర్ అయి ఉంటాయి. పైన రాసిన అక్షరాన్ని నమ్మకు, కంపెనీకో పద్ధతి. సరిగ్గా మధ్యకి తిప్పి మీటర్ పెట్టు. 50 కే చూపిస్తే లీనియర్. ఒక వైపు పది, పదిహేను కే, ఇంకో వైపు మిగతాది చూపిస్తే లాగ్. లీనియర్ పెట్టినా పెడల్ చెడిపోదు, తిప్పుడంతా ఒక చివర ఇరుక్కుంటుంది అంతే.

కెపాసిటర్ల అంకెలు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో: 101 అంటే 100 పికో, 102 అంటే 1 నానో, 332 అంటే 3.3 నానో, 223 అంటే 22 నానో, 104 అంటే 0.1 మైక్రో. 102కీ 103కీ మధ్య తేడా చిన్న అంకే, చెవికి మాత్రం పదింతలు. రెసిస్టర్ల రంగులు కళ్లతో చదవకు, ప్రతిదాన్నీ మీటర్‌తో కొలిచే పెట్టు. పోయినేడు ఒక కుర్రాడు తెచ్చిన ర్యాట్ మోగుతోంది, బాగానే ఉంది, కానీ దుప్పటి కప్పినట్టుంది. "అన్నా, మెటల్ రావట్లేదు, బ్లూస్ వస్తోంది" అన్నాడు పాపం. చూస్తే 47 ఓమ్ ఉండాల్సిన చోట 47 కే. పసుపు, ఊదా సరిపోయాయి, మూడోది నలుపో నారింజో ట్యూబ్‌లైట్ కింద చూసుకోలేదు. ఆ దారి మూసుకుపోయినట్టే కదా, పై స్వరాలకి ఆ దారి ఇచ్చే అదనపు గెయిన్ మొత్తం పోయింది. రెండు నిమిషాల పని. వాడు రెండు నెలలు బాధపడ్డాడు.

ఖర్చు: చిల్లర భాగాలన్నీ కలిపి రెండు మూడు వందలు. జాకులు, కంట్రోళ్లు, డబ్బా, స్విచ్ కలిస్తే వెయ్యి, పన్నెండొందల దగ్గర తేలుతుంది. నాకు మొన్న అంతే అయింది. మిగిలిన డబ్బుతో మంచి 25 వాట్ల ఐరన్ కొను. అది పదేళ్లు ఉంటుంది. తొమ్మిది కాళ్ల కాలి స్విచ్ మొదటి పెడల్‌కి తప్పనిసరి కాదని నా ఉద్దేశం. నీకున్నది ఒక్క పెడల్, బైపాస్ చేసి (పెడల్‌ని పక్కన పెట్టి) ఏం వాయిస్తావ్, కేబుల్ పీకెయ్. పైగా సగం కేసుల్లో గొడవంతా ఆ స్విచ్ వైరింగ్‌లోనే ఉంటుంది. సర్క్యూట్ మోగాక రెండో విడతలో పెట్టుకో. అప్పుడు కూడా ఒక్కో కాలు మీద ఐరన్ రెండు సెకన్లు మించి ఉంచకు, లోపల ప్లాస్టిక్ కరిగి స్విచ్ బిగుసుకుపోతుంది.

ముందు బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు) మీద కట్టు. తొందరపడి వెరో బోర్డు (సోల్డర్ చేసే రాగి పట్టీల బోర్డు) మీదికి దూకకు. ఒక సాయంత్రం పని. గెయిన్ ఎక్కువ కాబట్టి బ్రెడ్‌బోర్డు మీద హమ్ వస్తుంది, కూత కూడా రావచ్చు, భయపడకు. ఇన్‌పుట్ తీగనీ అవుట్‌పుట్ తీగనీ దూరంగా జరుపు, కూత ఆగుతుంది.

మోగకపోతే వరస ఇది. గిటార్ తీసేసి, మీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కి పెట్టి వోల్టేజీలు చూడు. ఐసీ 7వ కాలు దగ్గర బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా, 4వ కాలు సున్నా, 6వ కాలు 4.5 అటూ ఇటూ. ఇక్కడ ఒక ఉచ్చుంది. 3వ కాలు దగ్గర కూడా 4.5 ఉండాలని పుస్తకం చెబుతుంది. నీ దగ్గరున్న రెండు మూడు వందల పసుపు మీటర్ పెడితే 2.2 చూపిస్తుంది. సర్క్యూట్‌లో తప్పేం లేదు. ఆ కాలుకి 4.5 వోల్టులు 1 మెగోమ్ రెసిస్టర్ గుండా వస్తాయి, ఆ మీటర్ లోపలి రెసిస్టెన్స్ కూడా 1 మెగోమే, ఇద్దరూ చెరి సగం పంచుకుంటారు. ఇది తెలియక నేను మంచి ఐసీలు రెండు చెత్తబుట్టలో వేశా. అందుకే 6వ కాలు దగ్గరే కొలువు, అది సరిగ్గా ఉంటే 3 కూడా సరిగ్గా ఉన్నట్టే.

వోల్టేజీలు బాగుండి సౌండ్ లేదంటే సిగ్నల్ వెంట నడవాలి. ఆంప్‌కి పోయే కేబుల్ రెండో కొసన ఒక 104 కెపాసిటర్ కట్టు, కేబుల్ గ్రౌండ్‌ని సర్క్యూట్ గ్రౌండ్‌కి మొసలి క్లిప్పుతో పట్టించు. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించు. గిటార్ తీగ మీటుతూ, లేదా ఫోన్‌లో ఏదో పాట పెట్టి ఇన్‌పుట్‌కి ఇస్తూ, కెపాసిటర్ కొసతో ఇన్‌పుట్ నుంచి ఒక్కో మజిలీ తాకుతూ పో. 3వ కాలు దగ్గర సన్నగా వినిపిస్తుంది, 6వ కాలు దగ్గర ఆంప్ అరుస్తుంది, డయోడ్ల దగ్గర మళ్లీ తగ్గుతుంది. ఎక్కడ ఆగిపోతే దానికి ముందు అడుగులోనే దొంగ. మెటల్ జోన్ కట్టిన రోజుల్లో ఈ ఒక్క ఉపాయం తెలిసుంటే ఆ బోర్డు అటకెక్కేది కాదేమో.

డబ్బా గురించి ఒక కథ చెప్పాలి. నా మొదటి ర్యాట్‌ని ఎలక్ట్రికల్ షాపులో దొరికే పీవీసీ జంక్షన్ బాక్సులో పెట్టా. పైగా ఇన్‌పుట్ దగ్గర ఉండే 1 నానోఫారడ్ కెపాసిటర్‌ని, ఈ చిన్నదాంతో పనేముందిలే అని వదిలేశా. రాత్రి డిస్టార్షన్ పూర్తిగా తిప్పి, వాయించకుండా చెయ్యి తీగల మీద పెట్టి కూర్చుంటే ఆంప్‌లో ఎవరో మాట్లాడుతున్నారు. చెవి ఆనించి వింటే ప్రాంతీయ వార్తలు! మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. పొడుగు గిటార్ కేబుల్ ఏరియల్ అయింది, నా ర్యాట్ రేడియో అయింది. అప్పుడు లెక్కేస్తే తెలిసింది, ఇన్‌పుట్‌లోని 1 కే రెసిస్టర్, ఆ 1 నానోఫారడ్ కలిసి 159 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని అణిచేస్తాయి. అది పెట్టి, రేకు డబ్బాలోకి మార్చి, డబ్బాని గ్రౌండ్ చేస్తే వార్తలు ఆగాయి. మా నాన్న మాత్రం "అదొక్కటే కదరా అది చేసిన మంచి పని" అన్నాడు.

కాబట్టి లోహపు డబ్బానే. అల్యూమినియం పోత డబ్బా ఆన్‌లైన్‌లో వస్తుంది. ఖర్చు వద్దనుకుంటే గోడలో స్విచ్ బోర్డు కింద పెట్టే రేకు బాక్సు తీసుకో, పైమూత రేకు కోయించుకో. రంధ్రాలకి బెజవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ పని షెడ్డుకెళ్లినా పది నిమిషాల్లో వేసిస్తారు, కొలతలు మార్కర్‌తో గీసుకుని వెళ్లు.

అడాప్టర్ జాగ్రత్త. గిటార్ పెడల్స్‌లో మధ్య సూది నెగెటివ్. మన ఇళ్లలో తిరిగే రౌటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లలో మామూలుగా మధ్యది పాజిటివ్, పైగా చాలావాటికి 12 వోల్టులు. తిరగేసి గుచ్చితే పొగే. కరెంటు లోపలికొచ్చే దారిలోని 47 ఓమ్ రెసిస్టర్ తర్వాత ఒక 1ఎన్4007 డయోడ్ని తలకిందులుగా అడ్డం పెట్టు, అది ప్రాణం కాపాడుతుంది. మొదట్లో 9 వోల్టుల బ్యాటరీతోనే నడుపు. ర్యాట్ తినేది చాలా తక్కువ, చవక ఎస్ఎంపీఎస్ అడాప్టర్ల కీచు కూడా ఉండదు.

హమ్ వస్తుంటే పెడల్‌ని తిట్టేముందు ఇంటి ఎర్త్ చూడు. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గి తీస్తే పెరుగుతోందంటే, నీ స్ట్రాట్ లాంటి సింగిల్ కాయిల్ పికప్ గిటార్‌కి అది కొంతవరకు మామూలే, గెయిన్ దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. కానీ మన దగ్గర ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతుంది. మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకో బిందె నీళ్లు పోస్తే ఆంప్ గుర్రు సగం తగ్గుతుంది. గదిలో పాత చోక్ ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి కూడా ఒకసారి విను.

నువ్వు చర్చిలో వాయిస్తానన్నావు కాబట్టి ఇది ప్రత్యేకంగా. పెడల్‌ని తిన్నగా మిక్సర్‌లో గుచ్చకు. గిటార్ ఆంప్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా పలకదు, అందుకే అందులో డిస్టార్షన్ బాగుంటుంది. పీఏ (సభల్లో వాడే మైకు సెట్టు) స్పీకర్లలో హార్న్ ఉంటుంది, అది అన్నీ పలుకుతుంది, కందిరీగల పట్టు కదిలించినట్టుంటుంది. పాస్టర్ గారు రెండోసారి గిటార్ తేనివ్వరు. తప్పదంటే పెడల్ తర్వాత 10 కే రెసిస్టర్, దాని చివర గ్రౌండ్‌కి 332 కెపాసిటర్ పెట్టు, 4.8 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. అసలు స్పీకర్ అంత బాగుండదు, భరించగలిగేలా ఉంటుంది. ఫిల్టర్ కంట్రోల్ కూడా వాడుకో. ర్యాట్‌లో అది ఉల్టా, కుడికి తిప్పితే పదును తగ్గుతుంది. చాలామంది ఇది తెలియక కంట్రోల్ తిరగేసి కట్టామనుకుంటారు.

పెడల్ మోగి, ఒక వారం వాయించాక ఈ మార్పు చెయ్: 560 ఓమ్ దారిలోని 4.7 మైక్రోఫారడ్ తీసి 1 మైక్రోఫారడ్ పెట్టు. 60 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే గెయిన్ 284 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. ఇందాక చెప్పిన జావ తగ్గి, అరచెయ్యి ఆనించిన దెబ్బ తెగుతుంది. నీ 10 వాట్ల ఆంప్‌లోని చిన్న స్పీకర్ ఎట్టాగూ ఆ కింది బేస్ పలకలేదు, దానికి ఊపిరాడుతుంది కూడా. తర్వాత కావాలంటే సిలికాన్ డయోడ్ల బదులు రెండు ఎర్ర ఎల్ఈడీలు పెట్టి విను. 0.6 దగ్గర నరికేది 1.7 దగ్గర నరుకుతుంది, సౌండ్ విప్పారి, వాల్యూమ్ బాగా పెరుగుతుంది. టర్బో ర్యాట్ అంటే ఇదే. మెటల్‌కి నాకు సిలికానే ఇష్టం, ఎల్ఈడీలతో మరీ పద్ధతిగా ఉంటుంది.

ర్యాట్ ఎందుకో నచ్చలేదంటే? బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ విడిగా కావాలనుకుంటే మార్షల్ గవ్‌నర్ కట్టు. 1988 పెడల్, టీఎల్072, రెండు ఎర్ర ఎల్ఈడీలు, కాస్త ఎక్కువ భాగాలు. నీ ఆంప్‌లో టోన్ కంట్రోల్ ఒక్కటే ఉంటే నిజానికి అది మంచి బేరం. ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్ ఇంకా తేలిక, 741తో నడుస్తుంది, కానీ మెటల్‌కి సరిపోదు, మళ్లీ ముందు ఇంకో బూస్టర్ కావాలంటావు. బిగ్ మఫ్ చాలామంది సలహా ఇస్తారు. నాలుగు ట్రాన్సిస్టర్లు, అద్భుతమైన పెడల్, కానీ మిడ్ లోపలికి పడిపోతుంది, డ్రమ్స్ మొదలవగానే నువ్వు వినపడవు.

కట్టాక మోగకపోతే ఇక్కడే రాయి. "పని చేయట్లేదన్నా" అని ఒక్క ముక్క కాకుండా బ్యాటరీ వోల్టేజీ, 4, 6, 7 కాళ్ల వోల్టేజీలు, ఎఫ్ఈటీ సోర్స్ కాలు వోల్టేజీ, బోర్డు రెండు వైపులా వెలుతుర్లో తీసిన ఫొటోలు పెట్టు. ఏ మజిలీ దాకా సౌండ్ వినపడిందో కూడా రాయి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటా, చూస్తా.